ఆవిడ రైతుబిడ్డ కాదు

మేడం పోయారన్న కబురు నాకు నాలుగు గంటలు ఆలస్యంగా అందింది. నేను పనిచేసే గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఉపగ్రహం విడి భాగాలను కలిపి బిగించే గది అది. లోపల దుమ్ము పడకూడదని తలకు టోపీ, ఒంటికి తెల్ల కోటు, చేతులకు తొడుగులు వేసుకుని, గాలి ఊదే చిన్న అరలో కాసేపు నిలబడి మరీ వెళ్లాలి. మధ్యాహ్నం బయటికొచ్చి లాకర్ తెరిస్తే సత్తెనపల్లి నుంచి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ మేడం దగ్గర చదువుకుంటున్న పిల్లలవే. వెనక్కి ఫోన్ చేస్తే పదో తరగతి అమ్మాయి ఎత్తింది. "అక్కా, మేడం గారు ఇక లేరక్కా. పొద్దున కాఫీ కలుపుకుంటా కూలబడిపోయారు" అంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనూ అక్కడ ఏడవలేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను.

మర్నాడు పొద్దున స్టేషన్లో పేపరు కొన్నాను. జిల్లా పేజీలో కింద ఓ మూలన మేడం ఫోటో వేశారు. దాని మీద "రైతుబిడ్డ నుంచి అంతరిక్ష శాస్త్రవేత్త దాకా" అని పెద్ద అక్షరాలు. ఆ ప్లాట్‌ఫారం మీద నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలు రాయడానికి ఆ కోపమే కారణం. కనక పాఠకులు మన్నించాలి, ఇది మామూలు నివాళిలాగా సాగదు. ఆవిడ రైతుబిడ్డ కాదు. ఆవిడకు సెంటు పొలం లేదు, వాళ్ల నాన్నకు లేదు, వాళ్ల తాతకూ లేదు. ఆవిడ కూలీబిడ్డ. వాళ్లమ్మ మిర్చి షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసేది, మా అమ్మ లాగే. శాస్త్రవేత్త అన్నా కూడా ఆవిడ ఒప్పుకునేవారు కాదు, ఇంజనీరునని దిద్దేవారు. ఒక్క వరసలో రెండు తప్పులు. బతికుంటే ఆ పేపరు వాళ్లకు ఫోన్ చేసి గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టి ఉండేవారు.

మేడం మా పక్క వీధిలోనే పుట్టారు. ముప్ఫై ఏళ్ల పైన ఉపగ్రహాలు తయారుచేసే చోట పనిచేసి, రిటైరై, పెద్ద ఊళ్లో ఉండిపొమ్మని అందరూ చెప్పినా వినకుండా తిరిగొచ్చి, మా కాలనీ చివర చిన్న ఇల్లు కట్టుకున్నారు. కింద ఆవిడ కాపురం, పైన ఒకే ఒక్క పెద్ద గది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లను "నువ్వెందుకు చేసుకున్నావని నేనడిగానా?" అనేవారు. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని ఉండేవారు. మా వైపు ఆ వయసు ఆడవాళ్లు అలా ఉండరు కాబట్టి, మొక్కు తీర్చుకుని పెంచుకోవడం మర్చిపోయిందని వీధిలో నవ్వుకునేవాళ్లు. ఆవిడకు తెలిసినా పట్టించుకోలేదు.

ఊరు ఆవిడకు పెట్టిన పేరు రాకెట్టు మేడం. ఆ పేరు మాత్రం ఆవిడకు నచ్చేది కాదు. "నేను రాకెట్టును ముట్టుకున్న పాపాన కూడా పోలేదు. ఉపగ్రహానికి బొంత కుట్టాను" అనేవారు. మేం నవ్వితే లోపలికెళ్లి నిజంగానే బొంత తెచ్చి మా ముందు పరిచేవారు. పాత చీరలు పొరలు పొరలుగా వేసి వాళ్లమ్మ కుట్టిన బొంత అది. ఆకాశంలో ఎండ తగిలిన వైపు కాలిపోతుంది, నీడ వైపు గడ్డకట్టుకుపోతుంది. ఆ రెంటి నుంచీ కాపాడటానికి ఉపగ్రహానికి కూడా పొరల దుప్పటే కప్పుతారు. చీరల బదులు మెరిసే పల్చటి రేకులు, వాటి మధ్య వల గుడ్డ. దాన్ని చేత్తోనే కుట్టాలి. బిగించి కుడితే పొరలు ఒకదానికొకటి అంటుకుపోయి వేడి దాటిపోతుంది. ఎంత వదులు ఉండాలో వేళ్లకు తెలియాలి. "ఆ వదులు నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నా" అని చెప్పి, మా చేతికి సూది ఇచ్చేవారు. వేడి గురించి నా మొదటి పాఠం అలా అయ్యింది.

పైగదిలో రోజూ స్కూలు వదిలాక క్లాసు. కూలి ఇళ్ల ఆడపిల్లలమే అందరం. మార్కులు చూసి చేర్చుకోవడం అంటూ లేదు, మెట్లెక్కి వచ్చిన పిల్లకు చాప మీద చోటుండేది. ఆవిడ మంచి మనిషే గానీ మెత్తని మనిషి కాదు. రెండు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలోనే నిలబెట్టేవారు. లెక్క తప్పితే పుస్తకం విసిరేసిన రోజులున్నాయి. ఒకసారి నా పుస్తకం మేడ మీద నుంచి పక్కింటి గేదె ముందు పడింది, వెళ్లి తెచ్చుకోమన్నారు. కానీ ఆవిడకొక వింత అలవాటు ఉండేది. మేం చెప్పులు మెట్ల కింద ఎలా పడితే అలా విడిచి పైకి పరిగెడితే, పాఠం మధ్యలో మాకేదో లెక్క ఇచ్చి ఆవిడ కిందికి దిగేవారు. మేం వెళ్లేసరికి చెప్పులన్నీ జతలు జతలుగా, వేసుకోవడానికి వీలుగా బయటికి తిరిగి వరసగా ఉండేవి. అంత పెద్ద మేడం మా చెప్పులు ముట్టుకుంటుంటే మాకు సిగ్గుగా ఉండేది. వద్దండీ అంటే, లెక్క చూసుకోమని కసిరేవారు. క్రమశిక్షణ నేర్పుతున్నారు కాబోలు అనుకున్నాం.

మాఘం దాటితే మా పిల్లలకు చదువు కష్టకాలం. కోతలు, కల్లాలు, ఆ తర్వాత షెడ్లు. అమ్మలు పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తారు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా అమ్మ నన్నూ తీసుకెళ్లింది, ఇక చదువు చాలంది. మూడో రోజు మేడం షెడ్డుకే వచ్చేశారు. నమస్కారాలూ మర్యాదలూ ఏమీ లేవు. గోనెపట్టా మీద మా అమ్మ పక్కన కూర్చుని, ఓ కుప్ప తన ముందుకు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన వేళ్లు ఆ పని మర్చిపోలేదు, నాకంటే వేగంగా ఆడుతున్నాయి.

"అక్కా, నీకెందుకక్కా ఈ పని. చేతులు మండుతయ్" అంది అమ్మ.

"మండనీ. నీ కూతురి సంగతి తేలిందాకా నేను లేవను" అన్నారు మేడం.

అమ్మ మధ్యాహ్నం దాకా మొండికేసింది. పదహారేళ్లకు పెళ్లి చేసి పంపాల్సిన పిల్లకు ఆకాశంలో ఏం పని అని అడిగింది. మేడం వాదించలేదు, తొడిమలు తీస్తూనే ఉన్నారు. చివరికి చుట్టూ ఉన్న ఆడవాళ్లే అమ్మను కోప్పడ్డారు. పెద్దమనిషి చేతులు కాలబెట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంటావా అన్నారు. అమ్మ నన్ను లేపి పంపింది. దారిలో మేడం రెండు చేతులూ గాలికి ఆడించుకుంటూ నడిచారు.

ఆ ఏడాది లెక్కల్లో నాకు మార్కులు మరీ హీనంగా వచ్చాయి. మేడం ముందు తలొంచుకుని, నేను తాలుకాయనండీ అన్నాను. కల్లంలో తేమ తగిలి తెల్లబారిపోయిన మిరపకాయను మా వైపు తాలు అంటారు, దాన్ని ఏరి పక్కన పారేస్తారు. మేడం కళ్లజోడు తీసి నన్ను చూశారు. "తెల్లబడటం కాయ తప్పా, కల్లం తప్పా?" అని అడిగారు. కల్లం తప్పేనన్నాను. "అయితే కల్లం మారుద్దాం, కూర్చో" అని ఆరో తరగతి లెక్కల పుస్తకం తెరిచారు. ఆ వేసవి అంతా నేను ఆరో తరగతి పిల్లలతో కలిసి కూర్చున్నాను. టౌన్లో ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఒకసారి మేడంతో, మీ పిల్లలకు ఈ అంతరిక్షాలెందుకండీ, చక్కగా నర్సింగులో వేయించండి, త్వరగా స్థిరపడతారు అన్నారు. "నర్సులు కావాలని ఉంటే అవుతారు. మీరు చెప్పినందుకు మాత్రం అవ్వరు" అన్నారు మేడం. ఆ ప్రిన్సిపాల్ గారు తర్వాత మేడం ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి వెళ్లేవారు.

ఇక ఆ దరఖాస్తు సంగతి చెప్పాలి. ఇంటర్ అయ్యాక అంతరిక్ష ఇంజనీరింగ్ చదువుకు ఫారం నింపుతున్నాను. పైగదిలో మేమిద్దరమే ఉన్నాం. తండ్రి వృత్తి అన్న గడిలో నేను 'వ్యవసాయం' అని రాశాను. మా కాలనీలో ప్రతి పిల్లా అదే రాస్తుంది. అబద్ధం అనిపించదు కూడా. నాన్న దున్నేదీ కోసేదీ వ్యవసాయమే కదా, పొలం ఒక్కటే వేరేవాళ్లది. మేడం ఫారం తీసుకుని చదివి, నా ముందు పెట్టారు.

"ఒక మాట వదిలేశావమ్మాయ్" అన్నారు.

నాకు అర్థమైంది. అందరూ ఇలాగే రాస్తారండీ అన్నాను. నేనూ ఒకప్పుడు అలాగే రాశానన్నారు మేడం. తర్వాత ఆవిడ చెప్పింది నేను ఇక్కడ దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే దాచొద్దని ఆవిడే చెప్పారు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మిర్చి రోజుల్లో మేడం సెలవు మీద ఇంటికొచ్చారు. వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేకపోతే మూడు రోజులు ఆవిడ బదులు షెడ్డులో కూర్చున్నారు. సెలవు అయిపోయి తిరిగెళ్లిన రోజు రైలు దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లారు. బట్టలు మార్చుకునే గదిలో కోటు వేసుకుంటుండగా పక్కన ఒకరు తుమ్మారు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి అందరికీ దగ్గు, కళ్ల వెంట నీళ్లు. దుమ్ము రేణువు పడితేనే పని ఆపేసే చోట కారం ఘాటంటే మాటలు కాదు. అధికారి వచ్చి ఎవరు తెచ్చారని అడిగారు. ఆ గది ఊడ్చే ఆవిడ ఓ మూలన కూర్చుని అన్నం తినేది, క్యారేజీలో రోజూ కారప్పచ్చడే. అందరి కళ్లూ ఆవిడ మీద పడ్డాయి. నేను కాదయ్యా అని ఆవిడ రెండు మూడు సార్లు అంది.

"ఆ కారం నా జడలో ఉంది" అన్నారు మేడం. "నాకు తెలుసు. నోరు పెగల్లేదు. నాదేనంటే, నీ జుట్టులోకి ఎలా వచ్చిందని అడుగుతారు. ఫారంలో వ్యవసాయం అని రాసి, మా నాన్నకు పొలం ఉందని నమ్మించుకుంటా వచ్చాను. మర్నాటికి ఆ మనిషి లేదు. కాంట్రాక్టరు తీసేశాడు. రోజూ మేం విడిచిన చెప్పులు వరసగా సర్దిపెట్టేది. ఆ మనిషి పేరేంటో కూడా నేను ఏ రోజూ అడగలేదు. తర్వాత నెలల తరబడి వెతికా, ఏ ఊరో చెప్పినవాళ్లు లేరు. కూలీ అన్న ఒక్క మాట రాయలేక ఇంకో కూలిమనిషి కడుపు కొట్టానే."

ఆ వారమే జడ కత్తిరించుకున్నారట. నేను ఫారం తీసుకుని 'వ్యవసాయం' పక్కన 'కూలీ' అని రాయబోతే గడిలో చోటు చాల్లేదు. అంచు మీద ఇరికించి రాశాను. నేను ఫారం నింపుతుండగా మేడం ఎప్పుడు దిగి వచ్చారో, కిందికి వెళ్లేసరికి మెట్ల దగ్గర నా చెప్పుల జత బయటికి తిరిగి ఉంది. చాలాసేపు వాటిలో కాలు పెట్టలేకపోయాను.

అప్పటికే మేడం ప్రతి సభలో ఈ సంగతి చెప్పుకుంటూ వస్తున్నారని తర్వాత తెలిసింది. ఎవరైనా రైతుబిడ్డ అని పరిచయం చేస్తే మైకు అందుకోగానే ముందు దాన్ని దిద్దేవారు. మా అమ్మ తొడిమలు తీసేది, మేం కూలీలం అని మొదలుపెట్టేవారు. నిర్వాహకులకు ఇబ్బంది. అంత వివరం ఎందుకండీ అని ఒకాయన మెల్లగా అంటే, "మీకు దాచుకునేవి ఉంటే దాచుకోండి. నాది నేను చెప్పుకుంటా" అన్నారు మైకులోనే. మాతో మాత్రం ఇంకో మాట చేర్చేవారు: "నేను లేనప్పుడు కూడా ఇదే చెప్పండి. జనం మనల్ని శుభ్రం చేసి చూపించుకోవాలనుకుంటారు. చేయనివ్వకండి."

చదువయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూలో నాన్న ఏం చేస్తారని అడిగారు. వ్యవసాయ కూలీ అన్నాను. ఓహో, ఎన్ని ఎకరాలు అన్నారు ఒకాయన సరిగా వినకుండా. ఎకరాలు లేవు సార్, కూలీ అని మళ్లీ చెప్పాను. ఆయన తలొంచుకుని నా కాగితాల్లో తర్వాతి పేజీ తిప్పారు. ఆ ఉద్యోగం రాలేదు. మేడంకు ఫోన్ చేసి, మీ మాట విని చెడిపోయానని ఏడ్చాను, గట్టిగానే అన్నాను. ఆవిడ అంతా విన్నారు.

"అందుకే రాలేదని ఎవరన్నా చెప్పారా?"

"లేదండీ."

"అయితే మళ్లీ వెళ్లు, మళ్లీ అదే చెప్పు. ఈసారి పాఠం ఇంకాస్త బాగా చదువుకుని వెళ్లు."

రెండోసారి వచ్చింది. మా పైగది నుంచి నా తర్వాత ఇంకో ముగ్గురు ఇదే దారిన వెళ్లారు. వాళ్ల ఫారాల్లో కూడా ఆ మాట అంచు మీదే ఉంటుంది, గడి ఇప్పటికీ చాలడం లేదు.

పదో రోజున కళ్యాణమండపంలో సంతాప సభ పెట్టారు. ఊరి పెద్దలు, టౌన్లోని లెక్చరర్లు, మా ఆఫీసు నుంచి దండ పట్టుకొచ్చిన పెద్ద అధికారి ముందు వరసలో కూర్చున్నారు. వేదిక మీద ఫ్లెక్సీ. అందులోనూ రైతుబిడ్డే. శిష్యురాలినని నన్నూ ముందు కూర్చోబెట్టారు. సభ మొదలయ్యాక షెడ్డు నుంచి ఆడవాళ్లు వచ్చారు. కాయ జోరుగా వస్తున్న రోజులు, పని మధ్యలో గంట అడిగి, చీరలు కూడా మార్చుకోకుండా వచ్చేశారు. చెప్పులు గుమ్మం బయట విడిచి వెనక కింద కూర్చున్నారు. వాళ్లలో మా అమ్మ ఉంది.

రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ లేచారు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముందు వరసలో ఎవరో తుమ్మారు. ఇంకొకరు దగ్గారు. ఆ పక్కాయన రుమాలు తీశారు. అర నిమిషంలో హాలంతా దగ్గు, తుమ్ములు. మైకు పట్టుకున్నాయన తలతిప్పి వెనక్కి చూసి, "ఎవరమ్మా ఈ కారం? ఆ షెడ్డు ఆడవాళ్లు కాసేపు బయట నిలబడండమ్మా, తర్వాతొచ్చి దండం పెట్టుకుందురు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, మర్యాదగానే అన్నారు. వెనక అందరికంటే ముందు కదిలింది మా అమ్మ. కొంగు దగ్గరికి తీసుకుని, ఎవరికీ తగలకుండా ఒదిగి, గుమ్మం వైపు తిరిగింది.

నాకు ఒక్క క్షణం నోరు పెగల్లేదు. మా అధికారి నా పక్కనే నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. ఫారంలో రాయడం వేరు, ఇంటర్వ్యూలో చెప్పడం వేరు. మా అమ్మను నలుగురిలో చూపించి ఈ ఘాటు మా ఇంటిదని చెప్పడం వేరు. మేడం ఆ రోజు ఆ బట్టలు మార్చుకునే గదిలో ఎలా నిలబడిపోయారో నాకు అప్పుడు తెలిసింది. తెలిశాక ఇక అక్కడే నిలబడలేకపోయాను. వెళ్లి మైకు తీసుకున్నాను.

"ఆ కారం మాదండీ. మేం తొడిమలు తీసేవాళ్లం. ఆ ఫోటోలో ఉన్నావిడ కూడా తొడిమలు తీసిన మనిషే, మీ ఫ్లెక్సీలో తప్పు రాశారు. ఎవరూ బయటికి వెళ్లక్కర్లేదు. అమ్మా, ముందుకు రా."

అమ్మ రాలేదు, నిలబడిపోయింది. పైగది పిల్లలు వెనక్కి వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు. ముందు వరసలో ఇద్దరు బయటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కూర్చున్నారు, దగ్గుతూనే కూర్చున్నారు. పేరు తెలియని ఆ ఊడ్చే మనిషి కథ ఆ హాల్లో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కళ్లు తుడుచుకోని వాళ్లు ఒక్కరూ లేరు, అందులో కారం ఎంతో, మేడం ఎంతో ఎవరూ తేల్చలేరు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఫోటో దగ్గరికి వెళ్లి పూలు వేస్తుంటే నేను బయటికొచ్చాను. గుమ్మం ముందు రబ్బరు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, పట్టీల సందుల్లో ఎర్రటి పొడి. కింద కూర్చుని ఒక్కో జతా ఏరి, బయటికి తిప్పి, వరసగా పెట్టాను. మా అమ్మవి ఏవో చూడగానే పోల్చుకున్నాను, ఎడమ దానికి పిన్నీసు ఉంది. చివరి జత సర్దేటప్పటికి ఏడుపు ఆగలేదు. చేతులు ఎలా ఉన్నాయో మర్చిపోయి ఆ వేళ్లతోనే కళ్లు తుడుచుకున్నాను.

మండాయి. మండనీ అనుకున్నాను.